కిరాయా స్కీలు, సొంత మోకాళ్లు

మా మధురానగర్ చుట్టుపక్కల కిరాయాకు దొరకని చీజ్ లేదు. కృష్ణానగర్ వైపు నాలుగడుగులు వేస్తే కెమెరాలు, లైట్లు, రాజుల కిరీటాలు, పోలీసు డ్రెస్సులు, షాదీల సీజన్‌లో షేర్వాణీలు. సినిమావాళ్ల ఇలాకా మరి. ఆ దుకాణాల దగ్గర అసిస్టెంట్ కెమెరామెన్ కుర్రాళ్లను చూస్తుంటాను. లెన్స్ చేతికి రాగానే సంతకం పెట్టరు. వెలుతురు వైపు తిప్పి, గీత ఉందా, బూజు పట్టిందా అని తీరిగ్గా చూసుకుంటారు. దుకాణదారు విసుక్కున్నా సరే.

స్కీలు మాత్రం ఇక్కడ దొరకవు. వాటికి గుల్‌మర్గ్ పోవాల్సిందే.

హైదరాబాదీ మియాకు స్కీలతో ఏం వాస్తా అంటారేమో. ఉర్దూ మీడియం బడి, తెలుగు డిగ్రీ చేసిన నన్ను, ఉర్దూ వచ్చన్న ఒకే వజహ్‌తో ఒకప్పుడు శ్రీనగర్‌కు రిపోర్టర్‌గా పంపారు. నాలుగు చలికాలాలు ఉన్నాను. ఇత్వార్ వస్తే యాభై కిలోమీటర్లు పోయి గుల్‌మర్గ్‌లో బరఫ్ మీద పడేవాణ్ణి. మూడో ఏడాదికి అఫర్వట్ కొండ మీంచి దిగే హౌసలా వచ్చింది. తర్వాత బదిలీ, షాదీ, పిల్లలు. పన్నెండేళ్లు స్కీ ముట్టలేదు. మొన్న ఫిబ్రవరిలో బిడ్డను తీసుకుని మళ్లీ వెళ్లాను.

పోయేముందు రెండు నెలలు మధురానగర్ మెట్రో మెట్లు రోజూ ఎక్కి దిగాను. ఎక్కడం కన్నా దిగడమే తొడలకు అసలు ఇంతెహాన్. ఫిక్ర్ అంతా మోకాలి గురించే. నాకు నెల జీతం లేదు, రాస్తేనే పైసలు. లోపలి లిగమెంట్ తెగితే ఆపరేషన్, ఆ తర్వాత నెలల తరబడి కుంటుడు. ఇంటి కిరాయా మాత్రం ఆగదు.

దుకాణంలో పెద్దాయన అడిగాడు, "ఆతా హై, జనాబ్?" వచ్చా అని. "ఆతా థా," అన్నాను. ఆయన నవ్వి, స్కీల వైపు పోకుండా బూట్ల వైపు నడిచాడు. అప్పుడే ఆయన మీద భరోసా కలిగింది. వచ్చినవాళ్లంతా ముందు స్కీల రంగులు చూస్తారు. స్కీ ఎంత మంచిదైనా పాదం చెప్పిన మాట దానిదాకా చేర్చేది బూటే.

బూటు సైజు మన చెప్పుల నంబరు కాదు, పాదం పొడవు సెంటీమీటర్లలో. నాది 26.5. ఒక్కటే పల్చటి మేజోడు వేసుకోవాలి. చలి అని రెండు తొడిగితే బూటు వదులై పాదం లోపల ఆడుతుంది, పైగా రక్తం ఆడక ఇంకా చల్లబడుతుంది. లోపలి మెత్తను బయటికి తీసి, వట్టి డొప్పలో పాదం పెట్టి, వేళ్లు ముందుకు తాకించి చూశాను. మడమ వెనక రెండు వేళ్ల కన్నా ఎక్కువ సందు ఉంటే అది నా బూటు కాదు. మెత్త మళ్లీ పెట్టి బకిళ్లు బిగించాక, నిటారుగా నిలబడితే వేళ్లు ముందు కొసకు తాకాలి, మోకాళ్లు వంచితే వెనక్కి జరగాలి, మడమ మాత్రం లేవకూడదు. కిరాయా బూట్ల మెత్తలు వందమంది పాదాలకు నలిగి వదులైపోయి ఉంటాయి. నేను నాలుగు జతలు మార్చాను. బిడ్డకు షర్మ్ వేసింది. పెద్దాయనకు మాత్రం వేయలేదు.

స్కీలకు వచ్చేసరికి చేయి 178 సెంటీమీటర్ల జత మీదికే పోయింది. పాత అలవాటు. నడుమ 108 మిల్లీమీటర్ల వెడల్పు, లోతు బరఫ్‌కు బ్రహ్మాండం. కానీ గట్టిపడిన వాలు మీద అంత వెడల్పును ఒక అంచు నుంచి ఇంకో అంచుకు తిప్పాలంటే మోకాలే మోయాలి. నా ముక్కుదాకా వచ్చే 168, నడుమ 86 తీసుకున్నాను. గోటిని అంచుకు అడ్డంగా గీస్తే సన్నటి పొడి రాలింది, అంటే పదును ఉంది. అడుగు తిప్పి చూస్తే అంచుల పక్కన తెల్లగా పాలిపోయి ఉంది. వ్యాక్స్ లేక ఎండిందన్నమాట. పెట్టించాను. 2024 జనవరిలో చాలా రోజులు గుల్‌మర్గ్‌లో బరఫ్ సరిగ్గా పడని సంగతి గుర్తుందా? పల్చటి బరఫ్ కింద రాళ్లు స్కీల అడుగును చీరేస్తాయి. అందుకే లోపలి చెక్క కనబడే గంటు కోసం చేత్తో తడిమి మరీ చూశాను.

చివరగా బైండింగ్. బూటును ఎంత బలానికి వదలాలో చెప్పే ఆ అంకెను డిన్ అంటారు. బరువు, ఎత్తు, ఉమర్, బూటు అడుగు పొడవుతో పాటు మనం ఏ రకం స్కీయర్‌మో కూడా లెక్కలోకి తీసుకుంటారు. నింపాదిగా పోయేవాడు ఒకటి, దూకుడుగా పోయేవాడు మూడు. అహం నోటిలో మూడే ఆడుతుంది. మూడంటే బైండింగ్ ఆలస్యంగా వదులుతుంది. నేను రెండు చెప్పాను, బరువు కూడా ఈనాటిదే చెప్పాను, పన్నెండేళ్ల కిందటిది కాదు. ఇంకో మాట. బైండింగ్ పుట్టింది ముఖ్యంగా కాలి ఎముక విరగకుండా. మోకాలి లిగమెంట్‌కు అది పూరా జమానత్ ఇవ్వదు. కాబట్టి మిగతాది దిగేవాడి జిమ్మేదారీ.

మొదటి రోజంతా కింది వాలులోనే. మలుపు ఎట్లా తీయాలో దిమాగ్‌కు వెంటనే యాదొచ్చింది, తొడలకు మధ్యాహ్నం దాకా రాలేదు. బిడ్డ పడి లేచి నవ్వుతూనే ఉంది. మూడో రోజు రాత్రి జోరుగా బరఫ్ పడింది. పొద్దున్నే పోయి 86 ఇచ్చి, నడుమ వంద ఉన్న జత తెచ్చుకున్నాను. గండోలాలో మొదటి అంచె కొంగ్‌డోరీ దాకా పోయాం. పైన అఫర్వట్ పిలుస్తూనే ఉంది. 2023 ఫిబ్రవరి 1న అక్కడే మంచు చరియ విరిగి ఇద్దరు పోలండ్ స్కీయర్లు పోయారు. బరఫ్‌లో కూరుకుపోయినవాళ్లను వెతికే ట్రాన్సీవర్, పార, పొడవాటి కడ్డీ కిరాయాకు దొరికినా, వాటిని వాడే అభ్యాసం నాకు పాతబడింది, బిడ్డకు అసలే లేదు. కొంగ్‌డోరీ నుంచే దిగాం.

సాయంత్రం స్కీలు తిరిగిస్తే పెద్దాయన వాటిని బోర్లించి, అడుగు తడిమి చూసి, ఆధార్ కార్డు నా చేతిలో పెట్టాడు. మధ్యలో జత మార్చినందుకు ఫాల్తూ పైసలేమీ అడగలేదు. అడిగితే ఇచ్చేవాణ్ణే.