పుంజుల వాటా

వరంగల్ కొత్తవాడలో ఎవరింట్లో కోడి పిల్లల్ని లేపినా నాలుగు రోజుల్లో వాడకట్టంతా తెలిసిపోతుంది. వచ్చి గంప చుట్టూ కూర్చుంటారు, పిల్లల్ని అరచేతిలోకి తీసుకొని మురుస్తారు. లేచేముందు మాత్రం అందరిదీ ఒకటే మాట: "అక్కా, నాకు రెండు పెట్టలు తీసిపెట్టు." పుంజు కావాలని అడిగిన మనిషి లేదు. మొన్న ఒకావిడ ఇంకో అడుగు ముందుకేసి, పెరిగాక పుంజని తేలితే తిరిగి తెచ్చిస్తానని ముందే నన్ను ఒప్పించబోయింది. నాకు కోపం ఆగలేదు. పది గుడ్లు పొదిగేస్తే దాదాపు సగం పుంజులే లేస్తాయని తెలియని ఇల్లు ఈ వాడలో ఉందా? ఆ సగం ఎవరిది మరి?

మా నాయనమ్మ దగ్గర దీనికొక ఉపాయం ఉండేది. గుండ్రటి గుడ్లు పెట్టలవుతాయని, మొన తేలిన కోలగుడ్లు పుంజులవుతాయని ఆమె నమ్మకం. ఒక్కో గుడ్డునూ దీపం ముందు పట్టి చూసి, కోలవి కూరకూ గుండ్రటివి పొదుగుకూ వేరుచేసేది. అయినా ప్రతిసారీ పుంజులు లేస్తూనే ఉండేవి. గుడ్డు ఆకారానికీ లోపలి పిల్లకూ సంబంధం లేదు. కోళ్లలో ఆడా మగా తేల్చేది తల్లికోడి ఇచ్చే క్రోమోజోమే. పెంకు కట్టకముందే ఆ సంగతి తేలిపోయి ఉంటుంది. 21 రోజులు తిండి కూడా సరిగా ముట్టకుండా గుడ్ల మీద కూర్చున్న కోడికి మాత్రం ఈ వేరుచేయడాలు తెలియవు. గద్ద నీడ పడితే రెక్కలు విప్పి పిల్లలన్నింటినీ కిందికి లాక్కుంటుంది.

మనకు తెలిసేది ఆరేడు వారాలు దాటాక. పుంజుపిల్లకు జుట్టు ముందుగా ఎర్రబడుతుంది, కాళ్లు లావెక్కుతాయి. మూడు నెలలకు మెడ మీదా నడుము మీదా సన్నటి మొనతేలిన ఈకలు జారుతాయి, తోక వంపు తిరుగుతుంది. ఒకరోజు పొద్దున్నే బొంగురు గొంతుతో కూత మొదలుపెడుతుంది. ఆ రోజు నుంచే ఇంట్లో పంచాయితీ. ఎనిమిది పది పెట్టలకు ఒక్క పుంజు చాలు. అయిదు పుంజుల్ని ఉంచితే పెట్టల వీపు మీద ఈక మిగలదు, పుంజులు కూడా నెత్తురు కారేదాకా పొడుచుకుంటాయి.

అప్పుడు చాలామంది చేసేదేమిటంటే ఎవరికీ చెప్పకుండా వదిలించుకోవడం. ఊరి నుంచి వచ్చిన చుట్టానికి కాళ్లు కట్టి ఇచ్చి పంపుతారు. లేదంటే సంక్రాంతి ముందు గల్లీల్లో తిరిగే బేరగాడికి అమ్మేస్తారు, కాలికి కత్తి కట్టేవాళ్ల చేతికి పోతుందేమోనని అడగనైనా అడగరు. 2024 సంక్రాంతికి ముందు వరంగల్ నుంచి వేములవాడ పోయే ఆర్టీసీ బస్సులో ఎవరో ఒక పుంజును సంచిలో వదిలేసి దిగిపోయారు, గుర్తుందా? కరీంనగర్ డిపోవాళ్లు దాన్ని కాపాడి, ఎవరూ రాకపోతే వేలం వేస్తామని ప్రకటించారు. జనం ఆ వార్త చదివి నవ్వుకున్నారు. నాకు నవ్వు రాలేదు. బస్సులు నడిపే పని చూసుకోవలసినవాళ్లు ఒక కోడికి నీళ్లూ గింజలూ పెట్టి చూసుకున్నారంటే వాళ్ల మీద గౌరవం కలిగింది.

వీటన్నిటికంటే నన్ను ఎక్కువ బాధపెట్టేది టీకా దగ్గర జరిగే అన్యాయం. కొక్కెర తెగులు రాకుండా వారం పిల్లకు కంట్లో చుక్క వేయాలి, రెండు నెలలకు సూది వేయించాలి. మందు సీసా వంద కోళ్లకో అంతకు మించో సరిపోయేలా వస్తుంది. కలిపాక రెండు గంటల్లో వాడేయాలి. పది పిల్లలున్న ఇల్లు ఒక్కటే సీసా కొనడం దండగ కాబట్టి మా గల్లీలో కొన్ని ఇండ్లవాళ్లం మాట్లాడుకొని ఒకే పొద్దున వేయిస్తాం. ఒకసారి ఒక ఇంటివాళ్లు పెట్టల్ని మాత్రం పట్టుకొచ్చారు. పుంజులేవమ్మా అంటే, "ఎట్లయినా కోసుకునేటివే గదక్కా, వాటికెందుకు మందు?" అన్నారు. ఆ మాట నాకు ఇప్పటికీ మింగుడుపడలేదు. కోసుకునే రోజు దాకా దానికీ ప్రాణమే కదా! కొక్కెర తగిలిన కోడి మెడ మెలికపడి, నిలబడలేక, ఆకుపచ్చగా పారుకుంటూ చావడం కళ్లారా చూసినవాళ్లెవరూ ఆ మాట అనరు. పైగా మందు మిగిలింది. అంత మందునూ ఆ రోజు పారబోయవలసి వచ్చింది. ఆ ఇంటి నుంచి మా ఇంటికి ఎంత దూరం? నాలుగు గడపలు. వాళ్ల పుంజులకు తెగులొస్తే మా పెట్టలకు రాదా? టీకా వేళ తెలియకపోతే మామునూరులో పశువైద్య కళాశాల ఉంది, కృషి విజ్ఞాన కేంద్రం ఉంది, వెళ్లి అడిగితే చెబుతారు. తెలిసి కూడా సగం ప్రాణాల్ని లెక్కలోంచి తీసేసేవాళ్లకు ఎవరు చెప్పాలి?

రంగు కోడిపిల్లల గంప గల్లీలోకి వచ్చినప్పుడూ ఇదే మంట. గులాబీ, ఆకుపచ్చ, ఊదా రంగులు పూసి తెస్తారు, పిల్లలు ఎగబడతారు. చాలావరకు అవి గుడ్ల కోళ్ల హేచరీల్లో లేచిన పుంజుపిల్లలు. ఆ జాతి పుంజు గుడ్డు పెట్టేది కాదు, బాయిలర్‌లాగా తొందరగా కండ పట్టేదీ కాదు. అందుకని పుట్టిన రోజే దాన్ని వేరుచేస్తారు. ఒకరోజు పిల్లను చేతిలోకి తీసుకొని ఆడా మగా చెప్పే విద్యను 1920లలోనే జపాన్‌లో కనిపెట్టారు. ప్రపంచం మొత్తం మీద ఏటా వందల కోట్ల పుంజుపిల్లల్ని ఆ మొదటి రోజే చంపేస్తున్నారు. జర్మనీ 2022 జనవరి నుంచి ఈ పనిని నిషేధించింది. అక్కడ పిల్ల లేవకముందే గుడ్డులో ఆడా మగా పసిగట్టే యంత్రాలు పెట్టుకున్నారు. మన దగ్గర కొన్ని పిల్లలకు రంగు పూసి బడి ముందు అమ్ముతున్నారు. తల్లి రెక్క లేక, వెచ్చదనం లేక వాటిలో చాలావరకు కొన్నాళ్లకే పోతాయి. కొనిచ్చే అమ్మానాన్నలకు చేతులెత్తి చెబుతున్నాను, కొనకండి.

నా మాట ఇది. కోడి కింద గుడ్లు పెట్టే రోజే పుంజుల సంగతి ఇంట్లో తేల్చుకోవాలి. తినేవాళ్లయితే తినండి, సిగ్గుపడేదేమీ లేదు, మేమూ తింటాం. తినలేనివాళ్లు, మరొకరి చేత కోయించనూ మనసొప్పనివాళ్లు పొదిగేయకండి, ఆ గుడ్లు వండుకోండి. పొదిగేశాక మాత్రం ఆర్నెల్లు పుంజును నిండుగా బతకనివ్వాలి. నూకలు, జొన్నలు, తౌడు, తవ్వుకోవడానికి మట్టి, రాత్రికి గూడు, పెట్టలతో సమానంగా టీకా. ఎదిగే వేళ కూడా చూసుకోవచ్చు. ఎండలు ముదరకముందు లేచినవి దసరాకు అందివస్తాయి. రోహిణి కార్తెలో పెడితే గుడ్లు మురుగుతాయి. శ్రావణంలో లేచినవి మాఘ పున్నమి నాటికి ఎదుగుతాయి, మేడారం జాతర వచ్చిన ఏడు సమ్మక్కకు మొక్కిన కోడిని బజారులో కొనే పని ఉండదు. ఇంట్లో పెంచిన పుంజును అమ్మవారి ముందుకు తీసుకుపోతుంటే మనసు పట్టేసే మాట నిజమే. పట్టేయాలి కూడా.

ఇక కూత గురించి ఫిర్యాదులు. మా గల్లీ చివర కొత్తగా లేచిన బిల్డింగులోవాళ్లు పుంజుల వల్ల నిద్రపట్టట్లేదంటున్నారు. నాలుగింటికి కూయడం దాని తప్పా? మా చిన్నప్పుడు మొదటి కూతకు బాపు లేచేవాడు. ముఖం కడుక్కొని మగ్గం గుంతలో కాళ్లు పెట్టేసరికి పక్కింట్లో కూడా నాడె ఆడుతున్న చప్పుడు వినపడేది. ఆజంజాహీ మిల్లు సైరన్ ఆ తర్వాతే. 1934లో పెట్టిన ఆ మిల్లు 2002లో మూతపడింది, సైరన్ పోయింది. మా ఇంట్లో అప్పుడొక డేగరంగు పుంజు ఉండేది. మగ్గం పక్కన పోసిన రంగు నూలు మీదికి ఎక్కబోతే అమ్మ కసురుకునేది. బాపు మాత్రం "ఉండనియ్యవే" అనేవాడు. ఆయన నేసిన జంపఖానాలు ఎర్రచారలవి, నీలిచారలవి. 2018లో వరంగల్ జంపఖానాలకు భౌగోళిక గుర్తింపు వచ్చిందని విన్నప్పుడు ఆయన ఉంటే ఎంత సంతోషించేవాడో.

ఇంట్లో ఒక పెద్ద జంపఖానా పండుగలకే తీసేవాళ్లు. దసరా నాడు దాని మీద వరసగా కూర్చొని అందరం తినేవాళ్లం. కోడిని కోయించి తెచ్చాక నిప్పుల మీద కాల్చి, పసుపు పూసి, తోలుతోనే ముక్కలు కొట్టేవారు. కట్టెల పొయ్యి, మట్టి కుండ, ఎండుకొబ్బరి, గసాలు, ధనియాలు, దంచిన అల్లం వెల్లుల్లి. నీళ్లు ముందే పోయకూడదు, ముక్క తన నీళ్లలోనే ముందు మగ్గాలి. జొన్నరొట్టె వేడిగా ఉండాలి. ముదురు పుంజు ముక్క ఉడకదని మా చిన్నత్త టమాటలు వేసేది, అమ్మకు అది గిట్టేది కాదు. నేనూ అమ్మ పక్షమే. టమాట వేస్తే పులుపెక్కి పుంజుకూర రుచే పోతుంది. ఉడకలేదనిపిస్తే ఇంకో రెండు కట్టెలు ఎగదోయండి, అంతే.