ఒక్క డైలాగూ లేని పెద్దమనిషి

సీరియల్లో హీరో ఎవరంటే చిన్నపిల్లాడు కూడా చెప్తాడు. వెనకాల మూలన కూర్చున్న ఆ మనిషి ఎవరని అడగండి, అసలు కబుర్లు అక్కడ మొదలవుతాయి. అలాంటి మూలమనిషి ఒకాయన ఉన్నాడు, పేరు మోర్న్. మనవాడు కాదు, మన భూమ్మీద వాడే కాదు.

అమెరికా వాళ్ల స్టార్ ట్రెక్ వరసలో 'డీప్ స్పేస్ నైన్' అని ఒకటి వచ్చింది. 1993 నుంచి 1999 దాకా ఏడు సీజన్లు, 176 ఎపిసోడ్లు. అంతరిక్షంలో ఒక స్టేషను, అందులో క్వార్క్ అనే పైసల పిచ్చోడు నడిపే బారు. ఆ బారు కౌంటరు ముందు ఎత్తు కుర్చీలో భారీ మనిషి ఒకడు ఎప్పుడు చూసినా కూర్చునే ఉంటాడు. బోడితల, జారిపోయిన బుగ్గలు, చేతిలో గ్లాసు. మన హైదరాబాదు మదీనా సెంటర్ వైపు ఇరానీ హోటళ్లలో ఒక్క చాయ్ మీద పూటంతా గడిపేసే పాత గిరాకీ ఉంటాడే, అచ్చం ఆ బాపతు. రబ్బరు ముఖం తగిలించుకుని ఆ వేషం కట్టింది మార్క్ అలెన్ షెపర్డ్ అనే నటుడు.

ఏడేళ్లలో ఈయన నోట ఒక్క మాట మనకు వినపడదు. తమాషా ఏమిటంటే, స్టేషన్లో మిగతావాళ్ల దృష్టిలో ఆయన పెద్ద వాగుడుకాయ. మొదలుపెడితే ఆపడని ఒకరు, ఆయన చెప్పే జోకులకు కడుపు చెక్కలయిందని ఇంకొకరు. మనం తెర ముందుకొచ్చేసరికి మాత్రం చెప్పాల్సిందంతా చెప్పేసి, గ్లాసు ఎత్తి ఉంటాడు. రాసినవాళ్లు ఈ ఒక్క పరాచికాన్ని ఏడేళ్లూ పట్టు సడలకుండా నడిపారు. డైలాగు రాయాల్సిన ఖర్చు లేదు, పాత్ర మాత్రం రోజురోజుకీ పెరుగుతూ పోయింది.

1998లో ఒక ఎపిసోడ్ మొత్తం ఆయనకే ఇచ్చారు. అదీ ఎలా? ఆయన పోయాడని కబురొస్తుంది. ఇక చూడండి, పోయినవాడి గురించి ఊళ్లో బయటపడే సంగతులు! యోధుడు వోర్ఫ్‌కి ఆయన కుస్తీ జోడీ అట. అందాల ఆఫీసరు డాక్స్ ఒకప్పుడు ఆయన మీద మనసు పారేసుకుంటే, ఆయనే వద్దన్నాడట. ఆస్తి క్వార్క్ పేరిట రాశాడని తెలియగానే, పెళ్లాన్నని ఒకావిడ, బాకీ అని ఇద్దరు అన్నదమ్ములు దిగబడతారు. ఆ ఆస్తి ఎప్పుడో కొట్టేసిన దోపిడీ సొమ్ము, వెయ్యి బంగారు ఇటుకలు. తీరా క్వార్క్ ఇటుకలు విరగ్గొట్టి చూస్తే లోపల ఏమీ లేదు, ఉత్త బంగారమే!

ఉత్త బంగారమే అని నెత్తి కొట్టుకోవడం గుల్జార్ హౌజ్ నగల సేట్లు వింటే నవ్వాలో ఏడవాలో తెలియక కూర్చుంటారు. ఆ లోకంలో విలువంతా లాటినం అనే ద్రవానిది, బంగారం దాన్ని పోసి ఉంచే డబ్బా మాత్రమే. ఆ ద్రవాన్ని మన మోర్న్ ఏళ్ల తరబడి తన రెండో పొట్టలో దాచుకున్నాడు, జుట్టు ఊడింది కూడా అందుకే. చచ్చాడన్నదీ నాటకమే. చివర్లో తిరిగొచ్చి, తన కుర్చీలో కూర్చుని, గుటుక్కుమంటూ కాస్త లాటినం కక్కి క్వార్క్ వాటా ఇస్తాడు. ఇంత జరిగినా మాట మాత్రం లేదు. గతం చెప్పారు, గొంతు దాచారు. మన సీరియళ్లలోనైతే పనిమనిషికి కూడా నాలుగు వారాల ఫ్లాష్‌బ్యాకు తగిలించి, ఉన్న కుతూహలం కాస్తా చంపేస్తారు.

ఆయన ఊసు ఇక్కడెందుకంటారా? అంతకంటే సీనియరు ఒకాయన మన దారుల్‌షిఫాలోనే ఉన్నాడు. సాలార్‌జంగ్ మ్యూజియంలో కుక్ అండ్ కెల్వీ వాళ్ల సంగీత గడియారం చూడనివాళ్లు ఉండరు. మూడో సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీ ఖాన్ సేకరించిన వస్తువుల్లో అదొకటి. మ్యూజియం 1951లో దివాన్ దేవిడీలో మొదలై, 1968లో ఇప్పటి భవనంలోకి మారింది. గంట కావస్తుండగా జనం గడియారం ముందు పోగవుతారు. బుల్లి తలుపు తెరుచుకుంటుంది, గడ్డం ఉన్న చిన్న బొమ్మ బయటికొచ్చి, ఎంతైతే అన్ని దెబ్బలు కొట్టి, వెంటనే లోపలికి పోతుంది. జనం చప్పట్లు.

అదే గడియారంలో ఒక కమ్మరి కూడా ఉన్నాడని ఎంతమంది గమనించారు? సెకనుకో దెబ్బ చొప్పున సుత్తి కొడుతూనే ఉంటాడు. లెక్కేయండి, గంటకు 3600. గడ్డపాయన పన్నెండు గంటల్లో కొట్టేదంతా కలిపితే 78. అయినా చప్పట్లు గడ్డపాయనకే, ఎందుకంటే ఆయనకు తలుపుంది. కమ్మరి ఎదుటే ఉంటాడు, ఊహించడానికి ఏమీ మిగల్చడు. గడ్డపాయన లోపలికెళ్లి మిగతా గంటంతా ఏం చేస్తాడన్నది మన చేతిలో పెట్టిపోతాడు. మోర్న్‌దీ ఇదే కిటుకు. దాచిన భాగాన్ని చూసేవాళ్లే రాసుకుంటారు, ఎవరి భాగం వాళ్లకు ముద్దు.

శుక్రవారం సెలవు, మిగతా రోజుల్లో పిల్లల్ని తీసుకుని పన్నెండుకు కాస్త ముందే వెళ్లండి. లోపల ఏం చేస్తుంటాడని వాళ్లు తప్పకుండా అడుగుతారు. యంత్రం, స్ప్రింగులు అని మొదలుపెట్టకండి. మా ఇంట్లో మెజారిటీతో నెగ్గిన జవాబు ఇదీ: పన్నెండు దెబ్బలు కొట్టి అలిసిపోయి అన్నానికి కూర్చుంటాడు, ఒంటిగంటకు ఒక్కటే కొట్టాలి గనక నింపాదిగా తింటాడు.