ఉన్న యక్షరము – లేని పలుకు

మాది జనగామ జిల్లాలోని నర్మెట్ట. ధాన్యమమ్మి తెచ్చిన కాగితముపై నున్న ఆంగ్లపదమును మా మనుమరాలు ‘రిసీప్ట్’ అని చదివెను. పట్టణమునుండి వచ్చిన బంధువొకడు పకపక నవ్వి, “అది రిసీట్. పకారము పలుకరాదు” అనెను. పిల్ల మొగము చిన్నవోయెను.

“తాతా, ఉన్న అక్షరమే గద సదివిన. ఎందుకు నవ్విండు?”

ఆనాటినుండి ఆమె నలుగురిలో ఆంగ్లపుస్తకము విప్పుట మానెను.

ఆమె ప్రశ్న న్యాయమైనది. ఆ పకారము, మూలమైన లాటిన్ పదమును జ్ఞప్తికి దెచ్చుటకై పండితులు వ్రాతలో చొప్పించినది. అప్పు అను నర్థముగల ‘డెట్’ లోని బకారమును ఇట్టిదే. యోధుని దెలుపు ‘నైట్’ శబ్దమునకు ముందు వ్రాయు కకారము మాత్రము ఒకప్పుడు పలుకబడినదే. 1476లో కాక్‌స్టన్ ఇంగ్లాండున అచ్చుయంత్రము నెలకొల్పిన పిమ్మట వ్రాత క్రమముగా స్థిరపడెను. పలుకు మాత్రము మారుచునే యుండెను. ఆంగ్లము మాతృభాషగా గలవారిలోనైనను ఏకోచ్చారణము లేదు. బ్రిటనులో ‘షెడ్యూల్’ అను మాటనే అమెరికాలో ‘స్కెజూల్’ అందురు. ఇందెవరిని చూచి యెవరు నవ్వవలెను?

అంత దూరమేల? మనము జనగామ యను నూరి పేరే ఆంగ్లలిపిలో ‘జన్‌గావ్’ అని చదువదగినట్లు వ్రాయబడుచున్నది.

మన లిపి యందిట్టి దోషము లేదని నేను గర్వించుచుంటిని. తెలుగు నేర్చుకొనుచున్న ఉత్తరదేశపు మిత్రుడొకడు ‘చాప’ యను పదమును ‘చీమ’ లోని చకారముతో చదివినప్పుడు నేనును నవ్వితిని. పాపము, అతడు చేసిన తప్పేమి? చిన్నయసూరి బాలవ్యాకరణమున దంత్య తాలవ్యములను వేరుగా చెప్పెను గాని, మన నిత్యపు వ్రాతలో రెంటికిని అక్షరమొక్కటే. నా నవ్వునకును మా బంధువు నవ్వునకును భేదమేమి?

2022-23 విద్యాసంవత్సరము మొదలు తెలంగాణ సర్కారు బడులలో 1 నుండి 8వ తరగతి వరకు ఆంగ్లమాధ్యమము వచ్చినది. ఇట్టి బిడ్డ యిప్పు డింటింట గలదు. ఆమెకు సరియైన యుచ్చారణ నేర్పవలసినదే. తెలియని వారికి మాట బోధపడకపోవుట నష్టమే. కాని పరిహాసము నేర్పునది ఉచ్చారణను గాదు, మౌనమును.

ఆ మిత్రునికి క్షమాపణము వ్రాసి, ఆ యుత్తరమును మనుమరాలికి చదివి వినిపించితిని. మరునాడు ఆమె తానే పుస్తకము దెచ్చి నా ప్రక్కన కూర్చుండెను.