మీర్ ఆలం చెరువుకు చలికాలపు అతిథులు

బాలలూ! చలికాలంలో అమెరికాలోని ఫ్లోరిడా పిల్లలు వెచ్చని నీటి వూటల దగ్గరకు పోయి, సముద్రపు చలికి తాళలేక అక్కడికి చేరిన మనాటీలనే పెద్ద జంతువులను చూస్తారు. మన హైదరాబాదు పాతబస్తీలోనూ అటువంటి వేడుక వున్నది. ఒక ఆదివారం పొద్దున్నే నాన్నగారితో మీర్ ఆలం చెరువుకు వెళ్ళండి. చార్మినారుకు అది నాలుగైదు కిలోమీటర్లే, జూపార్కు పక్కనే.

సైబీరియాలో, మధ్య ఆసియాలో చెరువులు గడ్డకట్టగానే తిండి దొరకక బాతులు మన హైదరాబాదు చెరువులకు వస్తాయి. వాటిలో షోవెలర్ అనే బాతు ముక్కు గరిటెలా వుంటుంది. దాని అంచున దువ్వెన పళ్ళవంటివి వుంటాయి. నీరు బయటికి పోతుంది. పురుగులూ గింజలూ లోపల నిలుస్తాయి. అచ్చం అమ్మ జల్లెడ!

ఇక కట్టను చూడండి. 1804లో హైదరాబాదు దివాను మీర్ ఆలం దీనికి పునాది వేశాడు. ఇందులో 21 అర్ధచంద్రాకారపు గోడలు వరసగా వుంటాయి. వాటి వుబ్బిన వైపు నీటికి ఎదురుగా వుంటుంది. నీరు నెట్టినకొద్దీ రాళ్ళు ఒకదానినొకటి బిగించుకుంటాయి. ఆ వత్తిడిని మధ్యనున్న స్తంభాలు మోస్తాయి.

కట్ట గట్టిదే. మరి నీరో? వూరి మురుగు చేరి గుర్రపుడెక్క పెరుగుతుంది. అది కప్పేస్తే నీటికి ఎండా గాలీ అందవు. బాతులు వాలే చోటుండదు. గయానా దేశంలో కాలవల కలుపు తినటానికి మనాటీలనే వదిలారు! మనకు అవి లేవు, మనుషులే తియ్యాలి. మురుగు ఆగనిదే తీసినదంతా మళ్ళీ మొలుస్తుంది. మీ వీధి మురుగు ఏ చెరువుకు పోతుందో ఇవాళే పెద్దవాళ్ళను అడగండి.