పొగ పోయింది, పట్టు పోలేదు

సిగరెట్ మానేశానని ఇంట్లో అందరూ మెచ్చుకుంటున్నారు. చొక్కా కంపు కొట్టడం లేదు, నిజమే. కానీ మానింది పొగాకునే, నికోటిన్‌ని కాదు. సిగరెట్ ఫిల్టర్ దాకా కాలితే నలిపి పారేసేవాణ్ణి. దాని బదులు ఇప్పుడు పీల్చే వేప్‌కి, అంటే ఎలక్ట్రానిక్ సిగరెట్‌కి, ఆ హద్దు లేదు. దిండు పక్కనే ఉంటుంది, కళ్లు తెరవకముందే చెయ్యి దానికోసం తడుముతుంది.

నేనుండే లండన్‌లో ప్రభుత్వ ఆరోగ్య సేవ ఎన్‌హెచ్‌ఎస్ వాళ్లే సిగరెట్ మానడానికి వేప్ పనికొస్తుందంటారు. హాని తక్కువన్నారు గానీ, లేదనలేదు. హైదరాబాద్‌లో 2019 చట్టం ప్రకారం వేప్ అమ్మడమే నేరం. సిగరెట్ మాత్రం పాన్ డబ్బాలో దర్జాగా దొరుకుతుంది. సెలవులకి అక్కడికెళ్తే మళ్లీ దానికే చిక్కుతానేమోనని భయం.

ఇక్కడ లండన్‌లో వేప్ ద్రవంలో మిల్లీలీటరుకి 20 మిల్లీగ్రాముల నికోటినే గరిష్ఠం. అక్కణ్ణుంచి 10కి, 10 నుంచి 3కి దిగాను. నికోటిన్ లేని సీసాలూ అమ్ముతారు. అయినా కొనబుద్ధి కావడం లేదు. పూర్తిగా మానాలని నాకు నిజంగా ఉందా?