రక్త గ్రూపు కవచం కాదు



“డాక్టరుగారూ, మాది ‘ఓ’ గ్రూపు. వైరస్ జబ్బులు మమ్మల్ని అంతగా బాధించవట, నిజమేనా?” అని ఇప్పటికీ కొందరు నన్ను అడుగుతుంటారు. ఆ ప్రశ్న వినగానే నాకు 2021 మే నెల గుర్తుకు వస్తుంది. ఎందుకో చెప్పేముందు, శాస్త్రం ఏమంటున్నదో చూద్దాం.

కార్ల్ లాండ్‌స్టైనర్ 1901లో వెల్లడించిన రక్త గ్రూపుల భేదానికి మూలం ఎర్ర రక్తకణాల ఉపరితలం మీద ఉండే చక్కెర అణువులు. ఇవి రక్తకణాలకే పరిమితం కావు. శ్వాసనాళాల, పేగుల లోపలి పొరల మీద కూడా ఉంటాయి. అనేక వైరస్‌లు మొదట తాకేది ఆ పొరలనే. వాంతులు, విరేచనాలు కలిగించే నోరోవైరస్ ఇందుకు మంచి ఉదాహరణ. అది పేగులలో ఈ చక్కెరలనే పట్టుకొని నిలుస్తుంది. ఒక జన్యువు పనిచేయని కారణంగా కొందరి పేగులలో ఆ పట్టు దొరకదు. ఆ వైరస్‌లో అనేక రకాలు వారికి సోకవు.

కోవిడ్ విషయంలో ఇంత స్పష్టత లేదు. 2020లో ఇటలీ, స్పెయిన్ దేశాలలో శ్వాస వైఫల్యానికి లోనైన 1,610 మంది రోగుల జన్యువులను పరిశీలించారు. తీవ్రతకు అవకాశం ‘ఎ’ గ్రూపు వారిలో సుమారు 45 శాతం ఎక్కువగా, ‘ఓ’ గ్రూపు వారిలో సుమారు 35 శాతం తక్కువగా కనిపించింది. తరువాతి పరిశోధనలన్నీ దీనిని ఒకే విధంగా సమర్థించలేదు. అదే అధ్యయనంలో మూడవ క్రోమోజోమ్ మీద మరొక భాగం బయటపడింది. అది నియాండర్తల్ మానవుల నుంచి మనకు సంక్రమించినదని స్వాంటే పాబో, హ్యూగో జెబెర్గ్ ఆ సంవత్సరమే తెలిపారు. దక్షిణాసియా ప్రజలలో దాదాపు సగం మంది దానిని మోస్తున్నారు. అయినా వారిలో అత్యధికులు కోవిడ్ నుంచి కోలుకున్నారన్నది మరువరాదు.

ఈ శాతాలు జనసమూహానికి సంబంధించినవి. మీ ఒక్కరి భవిష్యత్తును చెప్పేవి కావు. పాతికేళ్ల యువకునితో పోలిస్తే డెబ్బై ఏళ్ల వృద్ధునికి కోవిడ్ వల్ల మరణ ప్రమాదం పదుల రెట్లు ఎక్కువ. మధుమేహం, ఊబకాయం, మూత్రపిండాల వ్యాధి ఆ ప్రమాదాన్ని ఇంకా పెంచుతాయి. వీటి ముందు రక్త గ్రూపు ప్రభావం స్వల్పం.

ఇక నా సంగతి. 2021 మార్చిలో అరవై ఏళ్లు దాటిన వారికి టీకాలు మొదలైనప్పుడు నేను వెంటనే వేయించుకున్నాను. మా చెల్లెలి భర్తకు అప్పుడు అరవై మూడేళ్లు, పదిహేనేళ్లుగా మధుమేహం. టీకా మాటెత్తితే, “బావగారూ, ‘ఓ’ గ్రూపు వాళ్లకు భయం తక్కువని మీరే అన్నారుగా! నాకు తొందరేముంది?” అని నవ్వారు. నిజమే, అంతకు కొన్ని నెలల క్రితం భోజనాల దగ్గర ఆ అధ్యయనం గురించి ఉత్సాహంగా చెప్పింది నేనే. ఆ ‘తక్కువ’ ఎంత తక్కువో మాత్రం చెప్పలేదు. ఆరోజైనా గట్టిగా మందలించి, వెంటబెట్టుకొని తీసుకువెళ్లలేదు.

మే నెలలో ఇద్దరికీ జ్వరం వచ్చింది. ‘ఎ’ గ్రూపు వాడినైన నేను నాలుగు రోజులలో కోలుకున్నాను. ఆయన ఆరు రోజులు ఇంట్లోనే ఉండిపోయారు. ఆసుపత్రికి చేరేసరికి ఆక్సిజన్ 82. పదకొండవ రోజున కన్నుమూశారు. టీకా వేయించుకొని ఉంటే తప్పక బ్రతికేవారని నేను అనలేను. కానీ ఆ అవకాశాన్ని ఆయనకు దూరం చేసినవాటిలో నా అసంపూర్ణమైన మాట కూడా ఒకటి. మా చెల్లెలు ఇంతవరకు నన్ను ఒక్క మాట అనలేదు.

మిత్రులారా, మీ రక్త గ్రూపు తప్పక తెలుసుకొని ఉండండి. ప్రమాదంలోనో, కాన్పులోనో రక్తం అవసరమైనప్పుడు అది అక్కరకు వస్తుంది. టీకా వేయించుకోవాలా, జ్వరానికి ఎప్పుడు వైద్యుని చూడాలా అన్నది మాత్రం దానిని బట్టి నిర్ణయించకండి. ఆయాసం వచ్చినా, ఆక్సిజన్ 94 కంటే తగ్గినా ఆలస్యం చేయకండి. వయసు మళ్లినవారు, మధుమేహం ఉన్నవారు అంతవరకు కూడా ఆగక, జ్వరం మొదలైనప్పుడే వైద్యుని సంప్రదించండి.