పైకప్పు కిందకి ఆట తెచ్చిన ఇంజనీరు

క్రికెట్ పిచ్ 22 గజాలే ఎందుకుండాలి అని మనమెప్పుడూ అడగం. ఉంది కాబట్టి ఉంది, అంతే. పాత కోడులో ఎవరో పెట్టిపోయిన కాన్‌స్టంట్ లాంటిది. ఐస్ హాకీలో అలాంటి కాన్‌స్టంట్లు కొన్నింటి వెనక మనలాంటి ఇంజనీరు ఒకాయన ఉన్నాడు. ఈ మధ్య ఆయన గురించి చదివాక చెప్పకుండా ఉండలేకపోతున్నాను.

మాంట్రియల్లో 1862లో విక్టోరియా స్కేటింగ్ రింక్ కట్టారు. డ్రమండ్, స్టాన్లీ వీధుల మధ్య, కమాను పైకప్పుతో పెద్ద హాలు. కంప్రెసర్లూ గట్రా ఏమీ లేవు, బయటి చలితో గడ్డకట్టిన మంచే దిక్కు. కలిగినవాళ్ళు గ్యాసు దీపాల వెలుగులో స్కేటింగ్ చేసుకునేవాళ్ళు, వేషాలు వేసుకుని కార్నివాల్ జరుపుకునేవాళ్ళు. హాకీ ఊసే లేదు.

హాలిఫాక్స్‌లో పుట్టిన జేమ్స్ క్రైటన్ ఉద్యోగరీత్యా ఈ ఊరొచ్చాడు. లషీన్ కాలువ పనుల్లో ఇంజనీరు. ఆన్‌సైట్ వచ్చాడనుకోండి! చిన్నప్పుడు తమ వైపు గడ్డకట్టిన చెరువుల మీద ఆడే కర్రాట వెంట తెచ్చుకున్నాడు. 1875 మార్చి 3న ఆ రింకులోనే మ్యాచ్ పెట్టించాడు. ఇండోర్ హాకీలో పద్ధతిగా జరిగినట్టు రికార్డున్న మొదటి మ్యాచ్ అదే.

ఇప్పుడు రిక్వైర్‌మెంట్లు చూడండి. చెరువు మీదైతే ఎంతమందైనా ఆడొచ్చు, బంతి ఎటైనా పోవచ్చు. ఇక్కడ నాలుగు గోడలున్నాయి, చుట్టూ జనం కూర్చున్నారు. అందుకని జట్టుకి 9 మందే అన్నారు. బంతి ఎగిరి ప్రేక్షకులకి తగలకుండా గుండ్రటి చదునైన చెక్కముక్క వాడారు. ఈనాటి పక్‌కి తాతగారన్నమాట. మంచు కొలత 204 అడుగుల పొడవు, 80 అడుగుల వెడల్పు. నేటి ఎన్‌హెచ్‌ఎల్ రింకు 200, 85. కాకతాళీయమని నేననుకోను.

క్రైటన్ జట్టు 2-1తో గెలిచింది. ఆఖర్న స్కేటింగ్ క్లబ్బు వాళ్ళతో గొడవై బెంచీలు విరిగాయని అప్పటి కింగ్‌స్టన్ పత్రిక రాసింది. కొత్త రిలీజంటే పాత యూజర్లకి మంట, ఏ కాలంలోనైనా ఇంతే!

1892లో గవర్నర్ జనరల్ లార్డ్ స్టాన్లీ ఒక కప్పు ఇస్తానన్నాడు. ఆ కప్పు కోసం జరిగిన మొదటి ప్లేఆఫ్ మ్యాచ్‌లు 1894లో ఇదే రింకులో. 1898 చివర్లో హాకీ కోసమే కట్టిన మాంట్రియల్ అరీనా వచ్చింది. విక్టోరియా రింకు చివరికి కార్ల గ్యారేజీ అయింది.

మరి క్రైటన్? లా చదివి, ఒట్టావా వెళ్ళి, సెనేట్‌లో 48 ఏళ్ళు న్యాయ విభాగం గుమాస్తాగిరీ చేసి 1930లో పోయాడు. ఆయన సమాధి మీద 2009 దాకా పేరున్న రాయే లేదు. కప్పిచ్చిన దొర పేరు ప్రపంచమంతా తెలుసు. ఆట పెట్టినాయన పేరు అప్పటిదాకా సొంత సమాధి మీద కూడా లేదు.

ఇది చదివితే నాకు పాత ప్రాజెక్టులో ఒక సీనియర్ గుర్తొచ్చాడు. రాత్రిపూట నడిచే బిల్లింగ్ బ్యాచ్ మొత్తం ఆయన చేతిదే. మైగ్రేషన్‌లో ఫైలు హెడర్లతో పాటు ఆయన పేరూ ఎగిరిపోయింది, ఆ తర్వాత ఉద్యోగమూ పోయింది. ఆయన పెట్టిన లెక్కలు మాత్రం కొత్త సిస్టమ్‌లో అలాగే నడిచాయి.

"క్రైటన్ కొత్తగా కనిపెట్టిందేముంది? ఆట ఉంది, రింకు ఉంది, స్కేట్లు ఉన్నాయి" అంటారు కొందరు. నిజమే. మన పనిలో మాత్రం ముప్పాతిక భాగం అదే కదా, ఉన్నవాటిని ఒకచోట కలిపి నడిచేలా చేయడం! దానికి విగ్రహాలు అక్కర్లేదు. ఫైలు పైన ఒక లైను చాలు. ఈసారి పాత కోడు శుభ్రం చేసేటప్పుడు ఆ లైను తీసేసే ముందు ఒక్క క్షణం ఆగండి. ఏమంటారు?